పలుకని పొరుగుయంత్రము

గోదావరి ధవళేశ్వరమునకు దిగువను పాయలుగా చీలి సముద్రమును చేరును. ఆర్థర్ కాటన్ దొర 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్ట ఆ నీటిని నిలిపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలలోనికి మరలించెను. పెద్ద కాలువనుండి చిన్న కాలువకు, చిన్న కాలువనుండి తూమునకు, తూమునుండి పంట బోదెకు నీరు దిగుచు కట్టకడపట చేనిని చేరును. శివారు భూముల రైతు ఒకనాటి యుదయమున తన బోదె యెండియుండుట చూచెననుకొనుడు. అతడు వెంటనే ధవళేశ్వరమునకు పరుగెత్తడు. మొదట తన గట్టున గండి పడెనేమో చూచును. పిమ్మట బోదెవెంట నడచును. తూమువద్ద నిలిచి లోనికి తొంగిచూచును. కాలువగట్టున తిరుగు లస్కరు చేయునదియు నిదియే. నీరు ఎంతవరకు వచ్చినదో ఒక చోట కంటబడును. ఎచ్చట లేదో మరియొక చోట కంటబడును. లోపము ఆ రెండు తావుల నడుమనే యుండి తీరును.

ఒక కార్యాలయములోని రెండు కంప్యూటర్లను కలుపు తీగయు నొక విధమైన కాలువయే. ఇందు పారునది నీరు గాక వార్త. అయితే ఒక భేదము గలదు. నీరు పల్లమునకు మాత్రమే పారును. వార్తయో, ఇటునుండి పోవలెను, అటునుండి బదులు రావలెను. పోవు దారి బాగుండి వచ్చు దారి మూసికొనిపోయినను ఆ రెండు యంత్రములకు సంబంధము తెగినట్లే.

ఇట్లు యంత్రములను కలుపు పద్ధతులలో మిక్కిలి వ్యాప్తి చెందినది ఈథర్‌నెట్ అనునది. 1973లో అమెరికాయందలి జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు దీనిని రూపొందించిరి. తొలినాళ్లలో కార్యాలయమంతటను ఒకే లావు తీగ సాగియుండెడిది. యంత్రములన్నియు దానికే తగిలింపబడెడివి. తరువాత వచ్చిన సన్నని తీగయు నట్టిదే. దాని ముక్క 185 మీటర్లకు మించరాదు. రెండు కొనలయందును 50 ఓముల నిరోధము గల చిన్న బిరడా యుండవలెను. ఒక బల్లవద్ద ఎవరి కాలైనను తగిలి ఒక్క అతుకు వదులైన యెడల ఆ వరుసలోని యంత్రములన్నియు మూగవోయెడివి. 1990లో ఆమోదము పొందిన కొత్త ఏర్పాటులో ప్రతి యంత్రమునకును వేరువేరు తీగ వచ్చెను. ఆ తీగలన్నియు హబ్బు అను చిన్న పెట్టెయందు కలియును. ఒక తీగ తెగినచో ఆ యొక్క యంత్రమే విడిపోవును. తక్కినవి నడచుచునే యుండును. తప్పు వెదకువారికి ఇంతకంటె మేలైన మార్పు మరియొకటి రాలేదని చెప్పవచ్చును.

ఆంధ్రప్రదేశమునందు కంప్యూటరు సామాన్య ప్రజల వ్యవహారములలోనికి విస్తృతముగా ప్రవేశించినది 1998 నవంబరులో. ఆ నెలలో 200కు పైగా రిజిస్ట్రేషను కార్యాలయములందు ‘కార్డ్’ అను ఏర్పాటు మొదలయ్యెను. అంతకు పూర్వము దస్తావేజులను గుమాస్తాలు పెద్ద పుస్తకములలోనికి చేతివ్రాతతో ఎత్తివ్రాసెడివారు. ఒక భూమిపై బాకీ యున్నదో లేదో తెలియజేయు కాగితమునకు రైతు దినములు వేచియుండవలసివచ్చెడిది. నాటినుండి సహకార సంఘములు, పంచాయతీలు, పాఠశాలలు క్రమముగా ఈ యంత్రములను చేపట్టినవి. 2016 డిసెంబరులో ఇప్పటి కోనసీమ జిల్లాయందలి సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామమునకు విద్యుత్ స్తంభములమీదుగా గాజుతీగ వచ్చి చేరెను. సముద్రతీరపు పల్లెకు లోకమంతటి వార్తలు క్షణములో రాదొడగినవి. అయినను, ఒకే కప్పు క్రింద పది బారల దూరములో నున్న రెండు పాత యంత్రములు ఒకదానితో నొకటి పలుకక మొండికేయుట మాత్రము ఎచ్చటను తప్పలేదు.

సుమారు 2010వ సంవత్సరపు శ్రావణమాసమున వసిష్ఠ గోదావరి యొడ్డున నొక సహకార సంఘపు కార్యాలయములో అట్టి సంఘటన యొకటి జరిగినట్లు ఊహించుకొందురు గాక. అచ్చట రెండు కంప్యూటర్లు గలవు. రెండును ఎనిమిదేండ్ల నాటివి. లోపలి గదిలోని యంత్రమునందు రైతుల ఖాతాలన్నియు భద్రపరుపబడియున్నవి. వసారాలోని యంత్రము ఆ ఖాతాలను తీగద్వారా తెప్పించుకొని, తన ప్రక్కనున్న ప్రింటరుమీద అచ్చొత్తును. లోపలి యంత్రమునకు ప్రింటరును తగిలించు తావు వెనుకటి యేట పిడుగుపాటున చెడిపోయినది గనుక, అచ్చు పని యంతయు వసారాలోనే.

ఆ యుదయమున ఒక రైతు వచ్చి వసారా బల్లపై కూర్చుండెను. అతని కుమార్తెకు ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చినది. చదువునకు ఋణమిచ్చుటకు నరసాపురమున నొక బ్యాంకు ఒప్పుకొన్నది. అయితే సంఘమునకు బాకీ లేడని అచ్చువేసిన ఖాతా నకలు ఆ దినమే కావలెను. మరునాటితో రుసుము గడువు ముగియును. నరసాపురము చేరవలెనన్న రేవున పంటు దాటవలెను. గుమాస్తా యంత్రమును తెరచి ఖాతా కొరకు మీట నొక్కెను. ‘ఆ దారి కానరాలేదు’ అను వాక్యము తెరమీద వచ్చెను.

గుమాస్తా యంత్రమును ఆపి మరల వెలిగించెను. ఇది తప్పు కాదు. చిన్న చిక్కులు పెక్కు ఇందువలననే తీరును. అప్పటికిని పలుకకపోగా, ఎవరో ఫోనులో చెప్పిరని, తెరమీది యొక పట్టికలోని అంకెలను ఒక మారు, రెండు మార్లు, మూడు మార్లు మార్చిచూచెను. మునుపటి అంకెలేవో ఎచ్చటను వ్రాసికొనలేదు. ఇది మాత్రము తప్పే. మధ్యాహ్నమునకు నరసాపురమునుండి యంత్రములు బాగుచేయు యువకుడు సంచితో దిగెను.

అతడు యంత్రమును ముట్టుకొనకముందే అడిగిన ప్రశ్న, “నిన్న పని చేసిందాండీ?” అని.

“సాయంత్రం దాకా చేసింది బాబూ.”

“రాత్రి నుంచి ఇక్కడేమైనా మారిందాండీ?”

“ఏమీ మారలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది.”

ఇట్టి ప్రశ్నకు నూటికి తొంబది మంది చెప్పు సమాధానము ఇదియే. వారు అబద్ధమాడుట లేదు. యంత్రమునకు సంబంధించినదని తాము తలచిన దానిని మాత్రమే వారు లెక్కింతురు. బల్లపై కూర్చున్న రైతు కలుగజేసికొని, “అదేంటండీ, రాత్రి వానకి చూరు కారుతుంటే పొద్దున్నే బీరువా జరిపించారు కదండీ, నేనూ ఓ చెయ్యి వేశాను” అనెను. గుమాస్తా, “బీరువాకీ దీనికీ ఏం సంబంధం?” అనెను. యువకుడు మారు పలుకక లోపలి గదిలోనికి పోయెను.

లోపలి గోడకు హబ్బు వ్రేలాడుచున్నది. దానియందు రెండు తీగలు దిగియున్నవి. ఒక్కొక్క తీగకు ఒక్కొక్క చిన్న దీపము. లోపలి యంత్రపు దీపము పచ్చగా వెలుగుచున్నది. వసారా యంత్రపు దీపము ఆరియున్నది. వసారాలోని యంత్రము వెనుకభాగమున తీగ దిగు చోట నున్న దీపమును ఆరియే యున్నది. దీనివలన అప్పుడే సగము పని తీరినది. ఖాతాలు చెరిగిపోయినవేమో, పురుగు వంటి చెడు ప్రోగ్రాము పట్టినదేమో అను భయములతో పనిలేదు. దీపము వెలుగుటకు ఖాతాలతో గాని అంకెలతో గాని నిమిత్తము లేదు. రెండు కొనలయందును కరెంటుండి, తీగ బాగుండిన చాలును.

ఇక తప్పు మూడింటిలో నొకదానియందుండవలెను: హబ్బునందలి ఆ రంధ్రము, తీగ, వసారా యంత్రములోని కార్డు. యువకుడు హబ్బునందలి రెండు తీగలను ఒకదాని స్థానమున నొకటి మార్చి గ్రుచ్చెను. లోపలి యంత్రపు తీగ రెండవ రంధ్రమునందును దీపమును వెలిగించెను. వసారా తీగ మొదటి రంధ్రమునందును వెలిగింపలేదు. కావున రంధ్రములు రెండును నిర్దోషులు. తరువాత సంచిలోని కొత్త తీగను తలుపుగుండా పరచి, వసారా యంత్రమునకు తగిలించెను. రెండు కొనల దీపములును వెలిగినవి. కార్డును నిర్దోషియే. మిగిలినది పాత తీగ.

పూర్వము తంతివారు మైళ్లకొలది సాగిన తీగయందు తప్పును వెదకునపుడును ఇట్లే దారిని భాగించెడివారు. నడుమనున్న కార్యాలయమునుండి ఇరువైపులను పలికించిచూచి, ఏ వైపు మూగయో తేల్చుకొని, ఆ సగమును మరల సగము చేసెడివారు. భారతదేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. ఆ వెదకు తీరు మాత్రము నేటికిని ప్రతి పనివాని చేతిలోను గలదు.

పాత తీగవెంట చేయి పెట్టి నడచుచు యువకుడు బీరువావద్ద నిలిచెను. దాని యినుప కాలు తీగపై నిలిచియున్నది. పై తొడుగు చితికి, లోపలి రాగి పోగులు తడినేలపై తేలియున్నవి.

ఆ తీగలోపల ఏమున్నదో తెలిసికొనదగును. పై తొడుగులో ఎనిమిది సన్నని తీగలుండును. అవి నారింజ, పచ్చ, నీలము, గోధుమ అను నాలుగు రంగుల జంటలు. ప్రతి జంటయందును ఒకటి నిండు రంగు, రెండవది తెల్లని దానిపై ఆ రంగు చార. జంటలోని రెండు తీగలును త్రాడు పేనినట్లు మెలివేయబడియుండును. ఇది అందమునకు కాదు. దగ్గరనున్న కరెంటు తీగలనుండియు ట్యూబులైటునుండియు పుట్టు అలజడి రెండు తీగలమీదను ఇంచుమించు సమానముగా పడును. గ్రహించు యంత్రము ఆ రెంటి నడుమ నున్న భేదమును మాత్రమే చదువును గనుక, సమానముగా పడినది కొట్టివేయబడును. మెలి లేకున్నచో ఒక తీగకు ఎక్కువ, ఒక తీగకు తక్కువ సోకి వార్త చెడును. ఇట్టి తీగ 100 మీటర్ల వరకు పనికివచ్చును.

పాత యంత్రముల వేగమునకు ఈ నాలుగు జంటలలో రెండే చాలును. ప్లగ్గులోని 1, 2 స్థానముల జంట ఒక దిక్కునకు, 3, 6 స్థానముల జంట రెండవ దిక్కునకు వార్తను కొనిపోవును. తక్కిన నాలుగు తీగలును ఊరకుండును. అందుచేత నొక్కొకప్పుడు వింత కలుగును. ఒక జంట మాత్రమే తెగినచో ఒక కొనయందు దీపము వెలుగుచు రెండవ కొనయందు ఆరియుండును. ఒక్క దీపమును చూచి తీగ బాగున్నదని తీర్మానించువాడు ఆ దినమంతయు తిరుగాడుచుండును. హబ్బు లేక రెండు పాత యంత్రములను నేరుగా కలుపవలసివచ్చినచో, ఒకదాని పలుకు జంట రెండవదాని వినికిడి జంటకు చేరునట్లు ఒక కొనయందు నారింజ, పచ్చ జంటలను తారుమారు చేయవలెను. లేకున్న రెండును ఒకే నోటితో పలుకుచు, రెంటికిని చెవి లేకుండును. కొత్త యంత్రములు ఈ మార్పును తామే చేసికొనును.

దీపములు వెలిగినంతనే గుమాస్తా సంతోషముతో మీట నొక్కెను. తెరమీద మరల అదే వాక్యము: ‘ఆ దారి కానరాలేదు.’

ఇచ్చటనే పెక్కురు దారి తప్పుదురు. తీగ మార్చినను ఫలము లేదు గనుక తీగ కారణము కాదని తలచి, కొత్త తీగను తీసివేసి పాతదానినే మరల తగిలింతురు. రెండు తప్పులు ఒకేసారి యున్నపుడు ఒకదానిని సరిచేసినను పైకి మార్పు కానరాదు. కడపటి ఫలమును మాత్రమే చూచువాడు సరిచేసిన దానిని చేజేత చెరుపుకొనును. ఈ యువకునకు దీపము వేరుగా సాక్ష్యము చెప్పినది. తీగవరకు దారి బాగుపడినది. ఆ మాట ఇక మారదు. మిగిలిన తప్పు అంతకు పైన నున్నది.

అతడు నల్లని గవాక్షమును తెరచి ‘పింగ్’ అను ఆజ్ఞను టైపుచేసెను. దీనిని 1983 డిసెంబరులో అమెరికా సైనిక పరిశోధనాలయమున పనిచేయుచుండిన మైక్ మూస్ అనునతడు వ్రాసెను. నీటిలో జలాంతర్గామి ధ్వనిని వదలి ప్రతిధ్వనికై చెవియొగ్గును గదా. అట్లే ఈ యాజ్ఞ ఒక చిన్న వార్తను పంపి, బదులు ఎంతసేపటికి వచ్చినదో చెప్పును. ధ్వని పేరే దానికి పెట్టబడినది. యువకుడు మొదట 127.0.0.1 అను సంఖ్యను పిలిచెను. అది ప్రతి యంత్రమును తన్ను తాను పిలుచుకొను సంఖ్య; ఆ పిలుపు తీగవరకు పోదు. బదులు వచ్చెను. యంత్రము లోలోపల మాటలాడు ఏర్పాటు చెడలేదని తేలినది. పిమ్మట లోపలి యంత్రపు సంఖ్యయైన 192.168.0.1ని పిలిచెను. తడవు లేకుండ ‘గమ్యము చేరరానిది’ అని తెర చెప్పెను.

ఈ జవాబును జాగ్రత్తగా చదువవలెను. ఆ పాత యంత్రములలో బదులు రాకుండుట రెండు విధములు. పిలిచి, వేచి, గడువు దాటినదని చెప్పుట ఒకటి. అప్పుడు వార్త బయలుదేరినదే గాని అవతలివారు పలుకలేదు. వేచియుండకయే చేరరానిదని చెప్పుట రెండవది. అప్పుడు వార్త ఇల్లు కదలనేలేదు, ఎటు పోవలెనో యంత్రమునకే తెలియలేదు. తెలియనివాడు రెంటిని ఒకటిగా భావించి విసుగుకొనును.

యువకుడు వసారా యంత్రపు స్వంత సంఖ్యను తెరమీదకు రప్పించెను. 192.168.1.2 అని యుండెను. ఇట్టి సంఖ్యలో నాలుగు భాగములుండును. ఆ కార్యాలయపు ఏర్పాటులో మొదటి మూడు భాగములును వీధి పేరు వంటివి. నాలుగవది ఇంటి నెంబరు. 255.255.255.0 అని క్రింద నుండు వేరొక సంఖ్య ఈ హద్దును తెలుపును. లోపలి యంత్రము 192.168.0 అను వీధియందున్నది. వసారా యంత్రము 192.168.1 అను వీధిలోనికి కాపురము మార్చినది. వీధినుండి వీధికి వార్తను చేరవేయు యంత్రము ఆ కార్యాలయమున లేదు. ఒకే హబ్బునకు కట్టబడియు, దీపములు వెలుగుచుండియు, అవి పరదేశులైనవి.

“ఈ అంకె ఎవరైనా మార్చారాండీ?” అని యువకుడు అడిగెను.

గుమాస్తా కొంత తడవు మాటాడలేదు. తరువాత, “నేనే బాబూ. మొదట ఏముందో రాసుకోలేదు” అనెను.

వాన వలన జరిగినది మొదటి తప్పు. తొందర వలన జరిగినది రెండవ తప్పు. మొదటిది తెలియకముందే రెండవది దానిపై కప్పబడినది. గుమాస్తా దానిని ఒప్పుకొనుట చేతనే మరి యొక గంట వెదకుట తప్పిపోయినదని చెప్పవలెను. దాచినచో యువకుడు తాను మార్చినవే తప్పేమోయని వెనుకకు మరలియుండెడివాడు.

అతడు 1ని 0గా దిద్ది, 192.168.0.2 అని నిలిపెను. చివరి అంకెను 1గా మార్చరాదు. అది లోపలి యంత్రపు సంఖ్య. ఒకే నెంబరు గల రెండిండ్లకు ఉత్తరము వచ్చినపుడు జరుగు రభసయే అప్పుడును జరుగును. కొన్ని కార్యాలయములలో సంఖ్యలను పంచిపెట్టు యంత్రము వేరుగా నుండును. అది పలుకనపుడు తక్కినవి 169.254తో ఆరంభమగు సంఖ్యను తామే కల్పించుకొనును. ఆ యంకెలు కానవచ్చినచో, పంచిపెట్టువాడు అందలేదని గ్రహింపవలెను.

మరల పింగ్. నాలుగు పిలుపులకు నాలుగు బదులులు. ఒక్కొక్కదానికి ఒక సెకనులో వేయవ వంతైనను పట్టలేదు. ఖాతా తెరచుకొనెను. ప్రింటరు కీచుమని కదలెను.

పింగ్‌నకు బదులు వచ్చియు ఖాతా తెరువనిచో వెదకవలసిన తావులు వేరు: ఇరు యంత్రములకు ఒకే పేరున్నదా, అవి ఒకే బృందము పేరున నమోదైనవా, రహస్యపదము మారినదా, కాపలా ప్రోగ్రాము తలుపు మూసినదా. విండోస్ ఎక్స్‌పీయందు 2004లో వచ్చిన సవరణతో ఆ కాపలా తనంతట తానే పనిచేయుట మొదలిడెను. అది పింగ్‌ను సయితము అడ్డగింపగలదు; కావున బదులు రాని ప్రతిమారును తీగను నిందింపరాదు. పాతదాని ప్రక్కన కొత్త యంత్రమును పెట్టినచోట మరియొక చిక్కు గలదు. పాతవి ఫైళ్లను పంచుకొనుటకు వాడిన భాషను 2017లో వచ్చిన విండోస్ 10 సవరణ మొదలుకొని కొత్తవి భద్రతకై సాధారణముగా విడిచిపెట్టినవి. అట్టిచోట తీగ బాగుండును, సంఖ్యలు బాగుండును, పింగ్ పలుకును. అయినను తాతకును మనుమనికిని మాట కలియదు.

రైతు కాగితమును మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకొని, గొడుగు విప్పి రేవువైపునకు వడివడిగా నడచెను. అప్పటికి రెండు గంటలు దాటినది. పంటు ఆవలి యొడ్డుననే యుండెను; అది ఈవలికి వచ్చి మరల దాటువరకు బ్యాంకు మూయకుండవలెను. గుమాస్తా ఫోనెత్తి, రైతు బయలుదేరినాడని బ్యాంకువారికి కబురు చెప్పెను.

యువకుడు పోలేదు. తలుపుగుండా నేలపై పరచిన తీగను తీసి, ఎలుకలకును తడికిని అందనంత ఎత్తున గోడవెంట మేకులతో బిగించెను. కరెంటు తీగకు జానెడు ఎడముగా దానిని నడిపెను. ఒక కాగితముమీద రెండు యంత్రముల పేర్లును, వాని సంఖ్యలును, ఆ దినపు తేదీయును వ్రాసి హబ్బు క్రింద అంటించెను. గుమాస్తా కళ్లజోడు తుడిచికొని, ఆ యంకెలను తన లెక్కల పుస్తకపు మొదటి పుటలోను ఎత్తివ్రాసికొనెను. సాయంకాలము వాన తెరిపి యిచ్చిన పిదప బీరువాను మరల గోడకు జరిపిరి. ముందుగా యువకుడు వంగి దాని కాళ్ల క్రింద చూచెను.